ఒక్క ఫొటో తీసేయమంటే

మా బడి పిల్లల బ్లాగు నా మూలంగానే మూతపడిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగువాళ్ల ఏ పెళ్లికి వెళ్లినా భోజనాల దగ్గర ఎవరో ఒకరు ఈ కథ ఎత్తుతారు. మేడమ్‌గారికి కాపీరైట్ పిచ్చి, ఇదెవరిది అదెవరిది అని పిల్లల్ని సతాయించి చివరికి ఎవరో లాయరు నోటీసు పంపేదాకా తెచ్చుకున్నారు, దాంతో మొత్తం మూసేశారు, పాపం పిల్లలు. ఆ 'పాపం పిల్లలు' దగ్గర నా వైపు చూసి నవ్వుతారు. నేను సాంబారన్నం కలుపుకుంటూ వినాలి.

ఇందులో నిజం ఒక్కటే, బ్లాగు మూతపడటం. లాయరు లేడు, నోటీసు లేదు, మూసింది నేను కాదు. పిల్లలందరూ పాపం కూడా కాదు. అందులో అన్యాయమైపోయింది ఒక్క పిల్ల. ఆ పిల్ల మాట మాత్రం ఈ కథ చెప్పేవాళ్లలో ఒక్కరూ ఎత్తరు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. సాంబారు చల్లారిపోయినా ఫరవాలేదు.

అప్పటికి సునామీ వచ్చి కొన్నేళ్లయింది. నేను డాలీగంజ్ వైపు ఒక బడిలో తెలుగు చెప్పేదాన్ని. ఇక్కడ తెలుగు చెప్పడమంటే ఏమిటో మెయిన్‌లాండ్‌లో మా చెల్లెళ్లకి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు. పిల్లలు హిందీ కలిపి గడగడా మాట్లాడతారు. "మేడమ్, కల్ నేను రాలేదు, తబియత్ బాలేదు" అంటారు, అదీ మాకు తెలుగే. రాయమంటే మాత్రం పెన్ను ఆగిపోతుంది. వ్యాసం అంటే గైడులోది బట్టీ పట్టి దించెయ్యడం. 'మా ఊరు' అని రాయమంటే నా క్లాసులో సగం మందికి ఊరి పక్కనే గోదావరి పారేది. వీళ్లలో గోదావరిని చూసినవాడు ఒక్కడూ లేడు. తెల్లారి లేస్తే కనపడే సముద్రం ఒక్క వ్యాసంలోనూ ఉండేది కాదు. ఎందుకు రాయలేదురా అంటే, "గైడ్‌లో లేదు మేడమ్" అనేవాళ్లు. నిజమే, లేదు.

బడికి కంప్యూటర్లు వచ్చాయి. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు అక్షరాలు పడే ఉపాయం కూడా వచ్చింది. గుణింతాల భయం పోయేసరికి పిల్లల వేళ్లు కదిలాయి. అప్పుడు పెట్టాను బ్లాగు. వారానికి ఒకసారి ల్యాబులో కూర్చుని మీకు జరిగింది మీరు రాయండి, పక్క క్లాసువాళ్లు చదివి అడిగింది అడుగుతారు అన్నాను. ఒకడు వాళ్ల కుక్క ఫెర్రీ ఎక్కి అవతలి ఒడ్డుకి వెళ్లిపోయిందని నాలుగు వాక్యాలు రాశాడు. కింద ఒక చిన్నది, "మళ్లీ వచ్చిందా? టికెట్ ఎవరు తీశారు?" అని అడిగింది. వాడు ఆ జవాబు రాయడానికి నన్ను అడక్కుండా ల్యాబుకి పరిగెత్తాడు. నా ఎర్ర సిరా ఎన్నేళ్లు పోసినా జరగని పని ఆ ఒక్క ప్రశ్నతో జరిగింది. చదివేవాళ్లున్నారని తెలిస్తే రాస్తారు. ఇంత చిన్న సంగతి చెప్పడానికి స్టాఫ్ రూములో నేను గొంతు చించుకోవాల్సి వచ్చింది. పోర్షన్ ఎప్పుడవుతుంది మేడమ్ అనేవాళ్లు. పోర్షన్ అవుతూనే ఉంటుంది, అదెక్కడికి పోతుంది.

ప్రిన్సిపాల్‌గారు ఒక షరతు పెట్టారు. పిల్లల పేర్లు, ముఖ్యంగా ఆడపిల్లల పేర్లు, నెట్‌లో కనపడకూడదు. రోల్ నంబర్ వేసుకోండి అన్నారు. పిల్లల క్షేమం అన్నాక నేను మాత్రం ఏమంటాను. అయినా అన్నాను, రాసినవాళ్ల పేరు లేని రాత మొగుడెవరో తెలియని శుభలేఖలా ఉంటుందని. ఆయన నవ్వలేదు.

ఇక కాపీల గొడవ. ఇది అర్థం కావాలంటే అప్పటి మా నెట్ సంగతి తెలియాలి. ఒక ఫొటో తెర మీద పూర్తిగా విచ్చుకునేలోపు పీరియడ్ గంట కొట్టేవాళ్లు. అందుకని దీవుల్లో అందరికీ ఇంకో దారి ఉండేది, ఓడ. వైజాగ్ షిప్పో చెన్నై షిప్పో వచ్చిందంటే ఉల్లిపాయలతోపాటు పెన్‌డ్రైవులు దిగేవి. సినిమాలు, పాటలు, గైడ్లు, దేవుడి బొమ్మలు, జోకులు. "భయ్యా, నాకూ ఎక్కించి ఇవ్వు" అంటూ అబర్డీన్ బజారు నుంచి బాంబూఫ్లాట్ దాకా చేతులు మారేవి. తీసినవాడి పేరు, రాసినవాడి పేరు వైజాగ్ ఒడ్డునే ఉండిపోయేవి, సరుకు మాత్రం ఓడెక్కేది. అలా పెరిగిన పిల్లలకి కంప్యూటర్లో ఉన్నది ఒకరి సొత్తని చెప్పడమంటే గాలికి యజమాని ఉన్నాడని చెప్పడమే.

సునామీ గురించి రాయమన్నప్పుడు తేలింది అసలు రంగు. సునామీ తర్వాత బజార్లో ఒక సీడీ అమ్మారు. దీవుల్లో అది లేని ఇల్లు లేదు. కొబ్బరి చెట్లంత ఎత్తు కెరటం, దాని ముందు నీలం రంగు ఈతకొలను ఉన్న హోటలు, పరిగెడుతున్న తెల్లవాళ్లు. ఆ హోటలు మా దీవుల్లో ఎక్కడా లేదు. ఏ దేశంలో ఎవరు తీశారో నాకూ తెలియదు. కానీ మెయిన్‌లాండ్ నుంచి చుట్టాలొస్తే టీ ఇచ్చి ఆ సీడీ వేసి, ఇదిగో మాకు జరిగింది ఇదీ అని చూపించడం ఇళ్లలో ఆనవాయితీ అయిపోయింది. నా క్లాసులో సగం మంది ఆ కెరటం బొమ్మే పెట్టారు. ఇది మనది కాదురా అంటే ఒకడు నాతో వాదానికి దిగాడు. "మాదే మేడమ్, చిన్నప్పట్నుంచి మా ఇంట్లోనే ఉంది" అన్నాడు. వాడు అబద్ధం చెప్పట్లేదు. ఆ రోజు వాడు నిజంగా చూసింది మర్చిపోయి, ఆ తర్వాత నూరుసార్లు చూసింది గుర్తుపెట్టుకున్నాడు.

అప్పుడు గోడ మీద రాసి పెట్టాను. నీదైతే నీదను. ఇంకొకరిదైతే వాళ్ల పేరు వెయ్యి, వీలైతే అడిగి వెయ్యి. ఎవరిదో తెలియకపోతే తెలియదని రాయి. లేదంటే నువ్వే గీసుకో. పిచ్చి అన్నారే, ఆ పిచ్చంతా ఇంతే.

ఆ పిల్ల బాంబూఫ్లాట్ నుంచి రోజూ ఫెర్రీలో దాటి వచ్చేది. సునామీ నాటికి చిన్న క్లాసు పిల్ల. వాళ్ల నానమ్మకి జెట్టీ దగ్గర ఇడ్లీల కొట్టు. ఎప్పుడో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడే పాతుకుపోయిన కుటుంబం. పిల్ల క్లాసులో నోరు విప్పేది కాదు. మిగిలినవాళ్లు కెరటాలు అంటించుకుంటుంటే ఇది ఒక మూల కూర్చుని టైప్ చేస్తూనే ఉంది. రాసింది నాకిప్పటికీ దాదాపు నోటికొచ్చు.

'నీళ్లు అరవలేదు. జెట్టీ మెట్లు ఎక్కి పైకి వచ్చాయి, చుట్టాలు వచ్చినట్టు. ఆదివారం కాబట్టి నానమ్మ పెద్ద గిన్నె పొయ్యి మీద పెట్టింది. చెప్పులు తేలాయి. నానమ్మ గిన్నె దింపి నెత్తిన పెట్టుకుంది, నన్ను చెయ్యి పట్టుకుంది. కొండ మీద రోడ్డుకి అందరం ఎక్కాము. అందరూ ఏడుస్తున్నారు. నానమ్మ గిన్నె తీసి అందరికీ ఇడ్లీలు పెట్టింది. పచ్చడి కింద ఉండిపోయింది. నానమ్మ ఇప్పటికీ కొట్టు పోయిందని చెప్పదు. పచ్చడి లేకుండా పెట్టాను అని చెప్తుంది.'

ఇంకా ఉంది. నేల కుంగి, వాళ్లకి తెలిసినవాళ్ల పొలంలోకి వచ్చిన ఉప్పునీళ్లు మళ్లీ వెనక్కి పోకపోవడం గురించి రాసింది. కింద రోల్ నంబర్. నేను అక్షరం ముట్టుకోలేదు. ఇంటర్వెల్‌లో పిల్లలు తోసుకుంటూ చదివారు. ఎవరో, పచ్చడి అల్లం పచ్చడా కొబ్బరి పచ్చడా అని అడిగారు. కొబ్బరిది అని జవాబు రాసింది. ఆ తర్వాత క్లాసులో చెయ్యెత్తడం మొదలుపెట్టింది.

ఆ రోజుల్లోనే ఒక ఉత్తరం మెయిల్లో వచ్చింది, బడి చిరునామాకి. మెయిన్‌లాండ్‌లో ఫొటోలు తీసే ఒకాయన రాశాడు. మా పిల్లాడొకడు విరిగిన జెట్టీ ఫొటో పెట్టి, గోడ మీది నియమం ప్రకారం కింద 'ఎవరు తీశారో తెలియదు, పెన్‌డ్రైవ్‌లో ఉంది' అని రాశాడు. ఆ ఫొటో ఈయనది. చాలా మర్యాదగా రాశాడు. ఫొటో కాపీరైట్ నాది, నా పేరు వెయ్యండి, లేదా తీసేయండి, పిల్లలు బాగా రాస్తున్నారు అని. నాకు పండగలా అనిపించింది. తెలియదని నిజం రాస్తే తెలిసినవాడే వచ్చి చెప్పాడు చూడండర్రా అని క్లాసులో చెప్పుకున్నాను. ఆయన పేరు వేసి, ఆ పిల్లాడి చేత క్షమాపణ రాయించి పంపుదామని, ఒక మాట చెవిన వేద్దామని ప్రిన్సిపాల్‌గారి గదికి వెళ్లాను.

ప్రిన్సిపాల్‌గారు ఆ మెయిల్లో కాపీరైట్ అనే మాట దగ్గర ఆగిపోయారు. పక్కన ఏముందో చదవలేదు. నేను చెప్తున్నది వినపడుతోందో లేదో కూడా తెలియలేదు. "సరే మేడమ్, దేఖ్ లేంగే" అన్నారు, చూద్దాంలే అన్నట్టు. నేను క్లాసుకి వెళ్లాను. మధ్యాహ్నం ల్యాబు తలుపు తెరిచేసరికి బ్లాగు లేదు.

కంప్యూటర్ సర్‌ని పట్టుకున్నాను. ఆయన నా మొహం చూసి కుర్చీలోంచి లేచాడు. "నేను అడిగాను దీదీ, ఆ ఒక్కటా, మొత్తమా అని. సర్ సబ్ నికాలో, అన్నీ తీసెయ్ అన్నారు" అన్నాడు. మళ్లీ వెనక్కి తెప్పించవచ్చా అంటే కుదరదన్నాడు. పిల్లలు నేరుగా అందులోనే టైప్ చేసేవాళ్లు. బడిలో వేరే కాపీలు లేవు.

ప్రిన్సిపాల్‌గారి గదిలో ఆ రోజు నేను అన్న మాటలు కొన్ని ఇక్కడ రాయను. ఆయన మాత్రం ప్రశాంతంగానే ఉన్నారు. నేను నేర్పిందే తాను చేశానన్నారు. "మీరే కదా మేడమ్, ఇంకొకరి వస్తువు ముట్టుకోకూడదంటారు? ఇప్పుడు అక్కడ ఎవరి వస్తువూ లేదు." పైగా టీ తెప్పించారు.

ఇంతవరకూ అయితే కోపంతో పోయేది. తర్వాత జరిగింది చూడండి. సునామీ వచ్చిన రోజు గుర్తుగా మా తెలుగువాళ్ల సంఘం ఒకటి పిల్లలకి వ్యాసాల పోటీ పెట్టింది. సంఘం పెద్ద ఒక కాంట్రాక్టరుగారు. ఆయనే పెద్ద జడ్జీ. ఈ పిల్ల తన రాతని గుర్తు తెచ్చుకుని మళ్లీ రాసింది. ఈసారి చేత్తో, తన పేరుతో. మొదటిసారి పేరు వేసుకోవచ్చన్న సంతోషంలో పేరు కింద గీత కూడా గీసింది. బహుమతి సంగతి దానికి పట్టలేదు. సభలో పేరు పిలుస్తారు, నానమ్మ వింటుంది, అంతే దాని ఆశ.

సభలో పేరు పిలవలేదు. ఒక వ్యాసం మాత్రం నెట్‌లోంచి ఎత్తి రాసిందని తెలిసి పక్కన పెట్టామని, పిల్లలు ఇలాంటివి మానుకోవాలని మైకులో చెప్పారు. పేరు చెప్పలేదు కానీ బాంబూఫ్లాట్ అన్నారు, ఇడ్లీలు అన్నారు. ఇంకేం కావాలి. మొదటి వరసలో ఉన్న ఆ పిల్ల వెనక్కి తిరిగి నా వైపు చూసింది.

వేదిక దిగుతుండగానే కాంట్రాక్టరుగారిని పట్టుకున్నాను. ఆయన కాగితం తీసి చూపించారు. మెయిన్‌లాండ్‌లో ఏదో నెట్ పత్రికలో వచ్చిన వ్యాసం, ఎవరో పెద్దమనిషి పేరు మీద. బ్లాగు మొదలైన దగ్గర్నుంచీ తల్లిదండ్రులు మా పిల్లలు రాసినవని మురిసిపోయి పెన్‌డ్రైవుల్లోకి ఎక్కించుకుని వైజాగ్ చుట్టాలకి పంపుకునేవాళ్లు. ఎవరి పెన్‌డ్రైవులోనో ఇదీ ఓడెక్కింది. ఎప్పుడూ వైజాగ్ నుంచి మాకు పేర్లు లేకుండా వచ్చేవి. ఈసారి మా దగ్గర్నుంచి పేరు లేకుండా వెళ్లింది. ఆ పెద్దమనిషి దాన్ని గ్రాంథికంగా దిద్ది, జెట్టీ మెట్లెక్కిన నీళ్లని తీసేసి, మిన్నంటిన కెరటం ఒకటి పెట్టుకున్నాడు. పచ్చడి మాత్రం వదల్లేకపోయాడు.

పిల్ల దాన్ని చూసి రాస్తే కెరటం ఎందుకు రాయలేదండీ అని అడిగాను. దొరక్కుండా మార్చిందన్నారు. పోనీ ఏది నిజమో మీరే చెప్పండి, మీరూ ఆ రోజు ఇక్కడే ఉన్నారుగా అన్నాను. ఆయన నన్ను జాలిగా చూశారు.

"సునామీ అన్నాక కెరటం లేకుండా ఉంటుందా మేడమ్? నేను కళ్లారా చూశాను. కొబ్బరిచెట్లంత ఎత్తు."

"హోటలు కూడా చూశారా, నీలం ఈతకొలనుతో?"

"చూశాను" అన్నారాయన, కొంచెం ఆలోచించి.

ఆయన ఇల్లు ఆ రోజు గుట్ట మీద ఉంది. అక్కడ్నుంచి కనపడేది ఎదురింటి నీళ్ల ట్యాంకు. ఏం చెప్తాం. ఉన్నదున్నట్టు రాసిన పిల్ల దొంగయింది, మొత్తం ఊరు సీడీలో చూసింది నిజమయింది.

నానమ్మకి చెప్పడానికి నేనే ఫెర్రీ దాటి వెళ్లాను. పోట్లాటకి తోడొస్తుందనుకున్నాను. ఆవిడ కొత్త కొట్టులో పిండి కలుపుతూ అంతా విని, చెయ్యి ఆపి నవ్వింది. "పోన్లెండమ్మా. నానెల్నేకపోయినా నా పచ్చడైనా వైజాగెల్లింది" అంది. అది నీ మనవరాలి రాతమ్మా, దొంగ అన్నారమ్మా అంటే, ఎవరు రాస్తే ఏటి, నలుగురికీ తెలిసిందా లేదా అంది. నాకు తల బాదుకోవాలనిపించింది. పిల్ల కొట్టు వెనక పళ్లేలు కడుగుతూ అక్కడే ఉంది. పళ్లేల చప్పుడు ఆగింది. "నేనే రాశాను నానమ్మా" అంది, అంతే. ముసలావిడ నవ్వు ఆపేసింది. నాకు ప్లేటు పెట్టి, పచ్చడి రెండుసార్లు వేసి, దాని పేరు అక్కడ రాయించగలవా అమ్మా అని అడిగింది. రాయిస్తానన్నాను.

ఆ పత్రికకి రాశాను. జవాబు మర్యాదగానే వచ్చింది. వాళ్లకి అందిన ఫైలులో ఎవరి పేరూ లేదట. పంపినాయన కూడా అదే అన్నాడట. పిల్ల ముందు రాసినట్టు మీ బ్లాగు పేజీ, దాని తేదీ చూపించండి, పేరు మారుస్తాం అన్నారు. అడిగింది న్యాయమే. ఆ తేదీ ఒక్కటి ఉంటే చాలు. ఇళ్లలో పెన్‌డ్రైవుల్లోకి ఎక్కించుకున్నవాటి మీద పేరూ లేదు, తేదీ లేదు. అది ఎక్కడుందంటే, మా ప్రిన్సిపాల్‌గారు కాపీరైట్‌ని గౌరవించి తుడిచేసిన చోట ఉంది. బడి తరఫున ఒక మాట రాసివ్వండి, పిల్ల ముందే రాసిందని నలుగురం చూశాం కదా అని ఆయన్ని అడిగాను. బ్లాగు ఉండేదని మనమే రాసిస్తే ఆ ఫొటో గొడవ మళ్లీ లేస్తుందన్నారు.

ఫొటోగ్రాఫరుకి కూడా రాశాను, మీరు చూసిన రోజు ఆ పేజీ ఎక్కడైనా దాచారా అని. దాచలేదన్నాడు. ఒక్క ఫొటోకి మొత్తం ఎందుకు తీసేశారు, నా పేరు వేస్తే సరిపోయేదిగా అని బాధపడ్డాడు. ఆ మెయిల్ ప్రింటు తీసి ప్రిన్సిపాల్‌గారి బల్ల మీద పెట్టి వచ్చాను.

నేను మెయిళ్లు ఆపలేదు. చివరికి ఆ పత్రికవాళ్లకి విసుగొచ్చి వ్యాసం మొత్తం తీసేశారు. వివాదం ఉంది కాబట్టి తొలగించాం అన్నారు. పేరు వెయ్యమంటే తీసేయడం ఒక్కటే వచ్చు అందరికీ. అదే గౌరవమనుకుంటారు. ఇప్పుడది ఆ పెద్దమనిషిదీ కాదు, పిల్లదీ కాదు, ఎక్కడా లేదు. స్టాఫ్ రూములో, గెలిచారుగా మేడమ్ అన్నారు.

పిల్ల పదో తరగతి పాసయింది. తెలుగు పరీక్షలో 'మా ఊరు' వ్యాసమే వచ్చింది. ఏం రాశావని అడిగితే, "గైడ్‌లోదే మేడమ్" అంది.

ఇప్పుడు సముద్రం కింద కేబుల్ వచ్చింది, నెట్ పరిగెడుతోంది, పెన్‌డ్రైవులు పోయి ఫార్వర్డులు వచ్చాయి. పోయిన డిసెంబరులో మిన్నీ బేలో ఒకరి ఇంట్లో ఆ పిల్ల కనపడింది. పిల్ల ఏమిటి, ఉద్యోగం చేస్తోంది, పక్కన భర్త. ఫోను తీసి నాకు చూపించింది. ఆఫీసు గ్రూపులో ఎవరో పెట్టారట. పైన ఈతకొలను హోటలు మీదికి లేచిన కెరటం, కింద కొండెక్కిన ఇడ్లీ గిన్నె, కింద ఉండిపోయిన పచ్చడి. ఎవరి పేరూ లేదు. కింద అందరూ దణ్ణాలు పెట్టారు. నువ్వేం రాశావు కింద అని అడిగాను. "నేనూ దణ్ణం పెట్టాను మేడమ్. నాది అంటే ఏం చూపించను?" అంది. నానమ్మ పోయి రెండేళ్లయిందని కూడా చెప్పింది. రాయిస్తానన్న మాట ఇద్దరమూ ఎత్తలేదు.

ప్రిన్సిపాల్‌గారు రిటైరై కాకినాడలో ఉన్నారు. పండగలకి మెసేజీలు పెడతారు, పూల బొమ్మలతో. ప్రతిసారీ నేను అదొక్కటే అడుగుతున్నాను, ప్రతిసారీ ఆయన చేతులు జోడించిన బొమ్మ ఒకటి పంపుతున్నారు. సరే, ఇక్కడా అడుగుతాను, చదివి ఎవరైనా ఆయనకి అందించండి. ఆ ఫొటో ఒకాయనదని తెలిసి తీసేశారు, ఒప్పుకుంటాను. మరి ఆ రోజు మిగతావన్నీ ఎవరివనుకుని తీసేశారు, సర్?